భిలాయిలో గడియలు లేని ఇల్లు

మా విజయనగరం వైపు భిలాయి పేరు వినని పల్లె ఉండదు. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో ప్రతి ఊరి నుంచీ నలుగురైదుగురు మట్టి మొయ్యడానికి వెళ్ళి, అక్కడే ఉద్యోగస్తులై, రెండేళ్ళకోసారి ఉన్ని దుప్పట్లతో, హిందీ కలిసిన తెలుగుతో ఊరికి వచ్చి పోతుంటారు. అయినా ఆ ఊరు చూడాలని వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. మా మేనత్తను వెంటబెట్టుకు రావడానికి వెళ్ళాను.

అత్త పేరు అప్పలనరసమ్మ. మా నాన్నకు అక్క. పెళ్ళయి భిలాయి వెళ్ళిన తర్వాత ఆవిడ మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. నాన్న పెళ్ళికి రాలేదు, నేను పుడితే రాలేదు, తాత పోయాడని టెలిగ్రాం ఇస్తే రాలేదు. అన్నిటికీ మావయ్య ఒక్కడే వచ్చేవాడు. నేను అత్తను ఫొటోలో తప్ప చూసి ఎరగను. ఎందుకు రాదో మా ఇంట్లో అందరికీ తెలుసు అనుకునేవాళ్ళం. కారణం మా తాత.

తాత రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. పెళ్ళాన్నీ, నాలుగేళ్ళ కూతుర్నీ, కడుపులో ఉన్న కొడుకునూ వదిలి వెళ్ళాడు. మలయాలో జపాను వాళ్ళకు చిక్కి మూడున్నరేళ్ళు ఖైదులో ఉన్నాడు. తిరిగి వచ్చేనాటికి మనిషి సగమయ్యాడట. ఆ సగం మనిషి మా ఇంటిని ఎలా నడిపాడో నాకు బాగా తెలుసు, నేను పెరిగింది ఆ ఇంట్లోనే. కంచంలో మెతుకు మిగలకూడదు. తింటూ మాట్లాడకూడదు. బియ్యం, బెల్లం ఉండే కొట్టుగదికి ఎప్పుడూ తాళం. వచ్చిన చుట్టాలు ‘మిలటరీ క్రమశిక్షణ’ అని మెచ్చుకునేవారు. మా నాన్న యాభైకి దగ్గరపడినా ఈనాటికీ తల ఎత్తకుండా ఐదు నిమిషాల్లో తిని, కంచం వేలితో ఊడ్చి, ఎవరో తరుముతున్నట్టు లేస్తాడు. నేను కూడా పెళ్ళిళ్ళలో విస్తట్లో ఒక్క వడ మిగిలితే లేవలేక, కడుపు నొప్పి తెచ్చుకున్న రోజులున్నాయి.

తాత పోయి రెండేళ్ళయింది. నాయనమ్మ మంచం పట్టింది. వినాయక చవితి నుంచి ఒకటే మాట, నరసమ్మని తెండి అని. ఆయన పోయాడు కదా, ఇంకేటి భయం దానికి, అని. నాన్న రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. హైస్కూల్లో హిందీ చెప్పేదాన్ని నేనే కాబట్టి, మావయ్యకు టెలిగ్రాం ఇచ్చి, కార్తీకమాసంలో వారం రోజులు సెలవు పెట్టి బయలుదేరాను.

రాయగడ దాటాక

సాయంత్రం విజయనగరంలో రైలెక్కితే తెల్లవారేసరికి ఖరియార్ రోడ్. కిటికీలోంచి చూస్తే రెండువైపులా కోతకొచ్చిన వరి. మా జిల్లాలో ఇంత ఒత్తైన వరి కాలవల కింద మాత్రమే ఉంటుంది. ఇక్కడ వానకే పండుతుందట. చలి మాత్రం నేను అనుకున్నదానికి రెట్టింపు. శాలువా తెచ్చుకోలేదు. పెట్టెలోంచి ఇంకో చీర తీసి కప్పుకుని కూర్చున్నాను.

ఎదురుగా నా తల్లి వయసు ఆడమనిషి, ఇటుకబట్టీలో పని ముగించుకుని కోతల కోసం మహాసముంద్ దగ్గర తన ఊరికి వెళ్తోంది. “కహా జాథస్ నోనీ?” అంది. పిల్లలకు తొమ్మిదేళ్ళుగా హిందీ చెబుతున్న నాకు ఆ వాక్యంలో మొదటి మాట తప్ప అర్థం కాలేదు. పక్కనున్నాయన నవ్వి, ‘ఎక్కడికి పోతున్నావు పిల్లా’ అని అడుగుతోందన్నాడు. ఆ భాష ఛత్తీస్‌గఢీ.

ఆమె సత్తు గిన్నె మూత తీసింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచినది, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. అచ్చంగా మా చద్దన్నమే. వాళ్ళు బాసీ అంటారు. ఒక ముద్ద నా చేతిలో పెట్టింది. మా చద్దికన్నా ఉప్పు తక్కువ, పులుపు ఎక్కువ.

ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. ఆమె చాలాసేపు తల ఊపి, తమ వైపు భాద్రపదంలో తీజా అనే పండగ ఉందని చెప్పింది. అప్పుడు అన్నదమ్ములు వెళ్ళి ఆడపడుచులను పుట్టింటికి తీసుకొస్తారట. పళ్ళూడిన ముసలమ్మయినా సరే, అన్నదమ్ముడో మేనల్లుడో వచ్చి పిలవాల్సిందే, ఆమె వెళ్ళాల్సిందే. మా వైపు ఆడపిల్లకు అలాంటి హక్కు రాసిపెట్టి లేదు. పిలిస్తే వస్తుంది, లేకపోతే లేదు. మరి మీ నాన్న ఎందుకు వెళ్ళలేదని ఆమె అడిగింది. మా నాన్న ఎవరి తలుపూ తట్టలేడు. చిన్నప్పటి నుంచీ భయం తప్ప ఇంకేదీ నేర్చుకోని మనిషి అని రైల్లో పరిచయమైనామెకు ఎలా చెప్పను?

మూడు భిలాయిలు

రాయపూర్ దాటింది. కుమ్హారి వచ్చింది, పోయింది. తర్వాత స్టేషను బోర్డు మీద భిలాయి అని కనిపించగానే పెట్టె పట్టుకుని దిగిపోయాను. రైలు వెళ్ళిపోయాక చూస్తే అది భిలాయి-3. భిలాయి పేరుతో మూడు స్టేషన్లున్నాయని, మావయ్య పవర్ హౌస్ స్టేషనులో నా కోసం ఎదురుచూస్తూ ఉంటాడని అప్పుడు గుర్తొచ్చింది.

టెంపోలో రెండు రూపాయలిచ్చి పవర్ హౌస్ చేరాను, స్టేషనులో మావయ్య కనపడలేదు. దార్లో చెప్పు తెగింది. ఆకలి వేసి బజారులో ఓ చిన్న హోటల్లో కూర్చుంటే పోహా, దాని పక్కనే జిలేబి పెట్టాడు. మూడు రూపాయలు. పొద్దున్నే అటుకుల ఉప్మాతో జిలేబి నంజుకునే మనుషులను మొదటిసారి చూశాను. హోటలాయన నా హిందీ రెండు మాటలు విని, “ఏ ఊరమ్మా మీది? మాది చీపురుపల్లి కాడ” అన్నాడు. పుట్టింది మాత్రం ఇక్కడేనట. చీపురుపల్లి ఎప్పుడూ చూడలేదట. మావయ్య ఇల్లున్న ఖుర్సీపార్ వెళ్ళాలంటే రిక్షాకు ఐదుకు మించి ఇవ్వొద్దని చెప్పి, టీ డబ్బులు తీసుకోలేదు.

నేను ఇల్లు చేరిన అరగంటకు మావయ్య స్టేషను నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. “అరే బేటీ, నిన్నెక్కడ వెతకాలి నేను!” అని నవ్వాడు. ఆయన ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేశాక ఖుర్సీపార్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆ వీధి వీధంతా మా జిల్లాల వాళ్ళే. వాకిట్లో ముగ్గు తెలుగు, అరుగు మీద తగాదా హిందీ.

అత్త గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందకు చూసింది. మా నాన్న ముఖమే, కాకపోతే భయం లేని ముఖం. “ఎండిపోయేవేటే” అంది. అంతే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తే బాత్రూం తలుపుకు గడియ లేదు. మరలు ఊడదీసిన చోట చిల్లులు పూడ్చి రంగు వేశారు. పడకగది తలుపుకూ లేదు. కొట్టుగదికి అసలు తలుపే లేదు, పరదా వేలాడుతోంది. వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టారు. గడియా లేదు, తాళమూ లేదు.

అత్త కూతురు లత చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెబుతుంది. నన్ను వదినా అనాలి. దీదీ అంది. బాత్రూంలోకి వెళ్తే బకెట్టు తలుపుకు ఆనించి పెట్టుకోవాలని తనే నేర్పింది. “క్వార్టర్‌లో కూడా ఇంతే దీదీ. వచ్చిన మొదటిరోజే మమ్మీ అన్నీ పీకించేసింది. ఘర్ ఖాలీ ఛోడ్‌నే కా సవాల్ హీ నహీ. మేం నలుగురం కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒకరు ఇంట్లో ఉండాలి.” అన్నయ్య నాగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడనీ, అతని పెళ్ళికి కూడా తాను ఇంటి కాపలాకు ఉండిపోయాననీ మామూలుగా చెప్పింది. రెండుసార్లు దొంగలు పడ్డారట. రెండోసారి వాళ్ళే తలుపు దగ్గరగా వేసి వెళ్ళారట.

ఒక ముద్ద

మధ్యాహ్నం భోజనం. నలుగురికి ఎనిమిది మందికి సరిపడా వండింది అత్త. ఆవపెట్టిన అరటికాయ కూర, ఇంగువ చారు, మావయ్యకు ఇష్టమని వేరుగా రొట్టెలు. ఇన్నేళ్ళు ఇక్కడున్నా చేతివంట మా నాయనమ్మదే. తింటూ అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. మా ఇంట్లో పుట్టినదానికి ఆ చప్పుడే వింతగా తోచింది.

నేను ఎప్పటిలాగే ఆఖరి మెతుకు వరకూ తిని కంచం వేలితో ఊడ్చాను. అత్త మాట ఆపింది. గరిటెడు అన్నం తెచ్చి నా కంచంలో పెట్టింది. చాలన్నాను.

“తినమని కాదు. వొగ్గీ” అంది. “ఈ ఇంట్ల కంచం ఊడ్చీసి లేవకూడదు. ఒక ముద్ద వొగ్గీయాల.”

చూస్తే అందరి కంచాల్లోనూ ఒక్కో ముద్ద ఉంది. తర్వాత అవన్నీ పోగుచేసి వీధిలో ఆవుకు పెట్టింది. నేను ఆ ముద్దను వదిలి లేవడానికి ఎంత కష్టపడ్డానో చెప్పినా ఎవరూ నమ్మరు. ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో రెండు ఇళ్ళు. ఒక ఇంట్లో మెతుకు మిగలకూడదు, ఇంకో ఇంట్లో మిగలాలి. రెండు ఇళ్ళనూ నడుపుతున్నది చచ్చిపోయిన ఆ ఒక్క మనిషే.

నాయనమ్మ సంగతి చెప్పాను. లేవలేదు, నిన్నే తలుస్తోంది, వచ్చి ఒక్కసారి కనపడు అన్నాను. అత్త కంచాలు తీస్తూ, “పున్నమి అవనీ. చూద్దాం” అంది. కాదనలేదు కదా అని సంతోషించాను.

ప్లాంటు గేటు దగ్గర

మర్నాడు మావయ్య స్కూటరు మీద ఊరు చూపించాడు. కంపెనీ క్వార్టర్లుండే సెక్టార్లలో వీధులు గీత గీసినట్టుంటాయి, చెట్లు వరసలో నిలబడినట్టుంటాయి. ఖుర్సీపార్ వైపు రాగానే ఆ గీతలన్నీ చెరిగిపోతాయి. ప్లాంటు గేటు దగ్గర ఆపి పొగగొట్టాలను ఒక్కొక్కటిగా పేర్లతో చూపించాడు, పొలం గట్ల మీద నిలబడి మడి మడికీ పేరు చెప్పే రైతులాగా. ఆయన వచ్చినప్పుడు ఇక్కడ చిట్టడవి, గుడారాలు, రష్యా ఇంజనీర్లు. ఇప్పుడు ఆయన ఎడమచెవి వినపడదు, ముంజేతుల మీద కాలిన మచ్చలు. అయినా ఆ పొగ వైపు చూసే చూపులో కోపం లేదు.

గేటు ఎదురుగా బడ్డీలో టీ తాగుతూ నేనే అడిగాను, గడియల సంగతి. మావయ్య గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు ప్లాంటు మీద బాంబులు వేస్తారని ఊరంతా దీపాలు ఆర్పించేవారట. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు. సైరన్ కూస్తే తలుపులు మూసుకుని లోపలుండాలి. సైరన్ కూసిన ప్రతిసారీ అత్త పిల్లలిద్దర్నీ చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తేదట. సివిల్ డిఫెన్సు వాళ్ళు తిట్టేవారు, చుట్టుపక్కల వాళ్ళు పిచ్చిదనేవారు. బాంబు పడితే చస్తావే అని మావయ్య బతిమాలితే, బయట చస్తానందట.

“అత్తకి మా తాత మీద కోపం కదా మావయ్యా?” అన్నాను.

ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “అది నన్నడక్కు బేటీ. రేపు శివనాథ్ ఏటికి తీసుకెళ్తాది. అక్కడడుగు.”

శివనాథ్ ఒడ్డున

కార్తీక పున్నమినాడు పొద్దున్నే దుర్గ్ వెళ్ళే టెంపో ఎక్కాం, నేనూ అత్తా. లత ఇంటి కాపలా. శివనాథ్ నది పెద్దదేమీ కాదు, మా నాగావళి ముందు చిన్నమ్మాయి. ఒడ్డున మాత్రం తీర్థమే. జామకాయలు, ఉడకబెట్టిన నల్లటి సింఘాడాలు, గాజులు, ప్లాస్టిక్కు బొమ్మలు. సింఘాడా అంటే నీళ్ళలో పండే ముళ్ళకాయ. పావుకిలో రెండు రూపాయలకు కొన్నాను, ఒలవడం చేతకాక వేలికి గుచ్చుకుంది. మెట్ల మీద మా యాస చెవిన పడుతూనే ఉంది. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళూ, మా వాళ్ళూ పక్కపక్కనే మునుగుతున్నారు. వాళ్ళు దొన్నెల్లో దీపాలు వదిలితే మనవాళ్ళు అరటి దొప్పల్లో వదులుతారు. అంతే తేడా.

అత్త రెండు దొప్పల్లో వత్తులు వెలిగించింది. మొదటిది నీళ్ళ మీద పెట్టి, “ఇది తమ్ముడికి” అంది. రెండోది పెట్టి, “ఇది నాన్నకి” అంది.

నాకు రెండు మాటలూ అర్థం కాలేదు. నాన్న కాక అత్తకు బతికిన తమ్ముడు ఇంకొకడున్నాడని నేనెప్పుడూ వినలేదు. తాత యుద్ధానికి వెళ్ళినప్పుడు నాయనమ్మ కడుపులో ఉన్న కొడుకు పురిట్లోనే పోయాడని మాకు చెప్పారు. ఇక తాత పేరున ఈవిడ దీపం వదలడం!

తడి మెట్టు మీద కూర్చుని అత్త చెప్పింది. పెద్దగా గొంతు మార్చలేదు.

ఆ కొడుకు పురిట్లో పోలేదు. పేరు సింహాద్రి. తాత యుద్ధం నుంచి వచ్చేసరికి ఐదేళ్ళవాడు. వాడికి ఎనిమిదో ఏడు వచ్చిన సంవత్సరం, మా నాన్న ఉయ్యాల్లో ఉన్నాడు, అత్తకు పన్నెండేళ్ళు. ఒకరోజు వాడు సాయంత్రానికని దాచిన అన్నం తినేశాడు. తాత కొట్టలేదు. ‘దొంగకి ఏటి చెయ్యాలో నాకు తెలుసు’ అని కొట్టుగదిలో పెట్టి తాళం వేశాడు. రెండు రోజులు. లోపల గోనెసంచులు, ఎలకలు, వేసవికాలం. వాడు మొదటిరోజు ఏడ్చాడు. రెండోరోజు నీళ్ళడిగాడు. అత్త తలుపు సందులోంచి తడిగుడ్డ దూర్చబోతే తాత చూసి చెయ్యి తొక్కాడు. ఆ చిటికెన వేలు ఇప్పటికీ వంకరగానే ఉంది, నాకు చూపించింది. మూడోరోజు పొద్దున తాతే తీశాడు. వాడు బయటకొచ్చి చెంబెడు నీళ్ళు తాగాడు. జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో పోయాడు. ఊళ్ళో జ్వరమన్నారు. తర్వాత ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అలాంటివాడికి దీపమెందుకు వదిలావని అడిగాను.

“ఆయనొచ్చేడు ఇక్కడికి” అంది అత్త.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు తాత మిలటరీ కాగితాల పనుందని విశాఖపట్నం వెళ్ళి ఎనిమిది రోజులకు వచ్చాడు. ఎందుకింత ఆలస్యమని ఎవరూ అడగలేదు. ఆయన్ని మా ఇంట్లో ఎవరూ ఏదీ అడగరు. ఆ ఎనిమిది రోజుల్లో నాలుగు ఆయన భిలాయిలో అత్త ఇంటి అరుగు మీద కూర్చున్నాడట. మొదటి రెండు రోజులు లోపలికి రాలేదు. అత్త పిలవలేదు. మూడోరోజు ఆయన తనంతట తానే మొదలుపెట్టాడు. ఖైదులో ఆకలికి ఒక సిపాయి పిడికెడు బియ్యం దొంగిలించాడు. మన పక్క ఊరివాడే. జపాను వాళ్ళు వాణ్ణి రేకుల కొట్టంలో పెట్టి తాళం వేసి, ఆ తలుపు ముందు తాతను కాపలా నిలబెట్టారు. తలుపు తీస్తే నువ్వు లోపలికి పోతావన్నారు. వాడు లోపలి నుంచి రెండు రోజులు తాతను పేరు పెట్టి పిలిచాడు. తాత తియ్యలేదు. మూడోరోజు తీసేసరికి వాడిలో ప్రాణం లేదు.

“అది చెప్పి, ‘సిమ్మాద్రిని చంపింది నేనే నరసమ్మా, జొరం కాదు’ అన్నాడు. ముసిలాడు అరుగు మీద అందరూ చూస్తుండగా ఏడ్చేడు. నేను లోపలికి రమ్మని అన్నం పెట్టేను. చెమించేనో లేదో నాకు తెలీదు. అన్నం మట్టుకు పెట్టేను. ఆయనా ఒక ముద్ద వొగ్గీసే లేచేడు.”

అయితే ఇంకేమిటి అభ్యంతరం, ఇన్నేళ్ళుగా రాకపోవడం ఎందుకు, నాయనమ్మ ఏం చేసిందని అడిగాను.

“ఆ తాళానికి రెండు చెవులు” అంది అత్త. “ఒకటి ఆయన మొలతాడుకి. రెండోది అమ్మ రొంటిని ఉండేది. రెండోనాడు మద్దినేల ఆయన చెరువుకెళ్ళేడు. నేను అమ్మ కాళ్ళు పట్టుకున్నాను, తియ్యీ అమ్మా, గుక్కెడు నీళ్ళిచ్చి మళ్ళీ వేసీ అని. తియ్యలేదు. రొంటి మీద చెయ్యి వేసుకుని కూకుంది.”

భయపడి ఉంటుంది కదా అత్తా, అన్నాను. ఆయన కొట్టిన దెబ్బలు నాకూ తెలుసు. ఆరేళ్ళు మొగుడు ఉన్నాడో లేడో తెలియక, తిరిగొచ్చాక ఆ మనిషితో కాపురం చేసిన ఆడదాన్ని తప్పు పట్టడం అన్యాయమన్నాను. నా చదువంతా ఆ రెండు మాటల్లో పెట్టాను.

అత్త నీళ్ళ వైపు చూస్తూ అంతా విన్నది.

“తలుపు తియ్యకుండా ఉండ్డం నాన్నకి యుద్ధంలో నేర్పేరు. అమ్మకెవరు నేర్పేరే? నాన్న అంత దూరం ఎళ్ళొచ్చేడు, అలాగైపోనాడు. అమ్మ ఏ యుద్ధానికి ఎళ్ళొచ్చింది?”

నా దగ్గర జవాబు ఉంది, కానీ అది ఆ వంకర వేలు ముందు చెప్పగలిగేది కాదు.

“నాన్న వొచ్చి చెప్పుకున్నాడు” అంది లేస్తూ. “అమ్మ ఇన్నేళ్ళల్ల వాడి పేరైనా తలచలేదు. పురిట్ల పోయేడని మీకు చెప్పిందట కదా. నేను రాను. నువ్వు సింఘాడాలు తినలేదేటి, చల్లారిపోనాయి.”

దుర్గ్ స్టేషను

మరి రెండు రోజులున్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అత్త నన్ను సుపేలా బజారుకు తీసుకెళ్ళి ఉన్ని శాలువా కొనిపెట్టింది, జంతికలు చేసింది, తలంటింది. ఇంత ప్రేమ ఉన్న మనిషి అంత కోపాన్ని ఎక్కడ పెట్టుకుందా అని చూసేదాన్ని. ఇంట్లోనే ఉంది. ఊడదీసిన ప్రతి మర చిల్లులోనూ ఉంది. లతకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు ఇంట్లో ఎవరుంటారని అడుగుతుంది. కోపం అత్తది, కాపలా లతది.

తిరుగు రైలు దుర్గ్ నుంచి. మావయ్య నా చేతిలో అరటిపళ్ళు పెట్టి, అత్తయ్యను, అంటే మా నాయనమ్మను అడిగానని చెప్పమన్నాడు. రైలు కదిలేముందు, “నేను ముప్ఫయ్యేళ్ళ బట్టీ ఎళ్ళమని చెప్పేను బేటీ. క్యా కరే” అన్నాడు. పొలాల్లో కోతలు సగమయ్యాయి. వచ్చేటప్పుడు నిండుగా చూసినవి ఇప్పుడు మోళ్ళు.

ఇల్లు

నాయనమ్మకు ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించుకుంటూ వచ్చాను. ఆరోగ్యం బాలేదని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. నన్ను ఒక్కదాన్నే చూడగానే ఆమెకే అర్థమైంది.

“రానందా?”

అవునన్నాను.

“ఎందుకో చెప్పిందా?”

చెప్పిందన్నాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే, దానికి వేలు సరిగ్గా అతికిందా అని అడిగింది. అతకలేదన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె అన్నం వదిలెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి నాన్నకు సింహాద్రి సంగతి చెప్పాను. తనకొక అన్న ఎనిమిదేళ్ళు బతికాడని, అదే ఇంట్లో, తను ఉయ్యాల్లో ఉండగా పోయాడని ఆయనకు నా ద్వారా తెలిసింది.

మాఘమాసంలో నాయనమ్మ పోయింది. చివరి మూడు రోజులు తెలివి లేదు. కానీ మాట ఆగలేదు. కుడిచెయ్యి రొంటి దగ్గర వెతుక్కునేది, తర్వాత గాల్లోకి చాచేది. “సిమ్మాద్రీ, తీసేనురా. తీసేను. రా బాబూ, రా” అనేది. మూడు రోజులు అదే మాట. ఊళ్ళోవాళ్ళు సింహాద్రి అప్పన్నను తలచుకుంటోందనుకుని, పుణ్యాత్మురాలన్నారు. మేము సరిదిద్దలేదు.

టెలిగ్రాం ఇచ్చాం. మావయ్య ఒక్కడే వచ్చాడు. పదో రోజు కర్మలయ్యాక ఏటి నుంచి తిరిగి వస్తూ నేను ఆయనకు ఆ మూడు రోజుల సంగతి చెప్పి, అత్తకు చెప్పమన్నాను. ఇది వింటే ఆమె కోపం పోతుందన్నాను.

మావయ్య ఆగి, నా ముఖం వైపు చూడకుండా అన్నాడు. “వొద్దు బేటీ. అమ్మ చెడ్డది అనుకుని బతికింది అది, యాభయ్యేళ్ళు. ఇప్పుడు నువ్వొచ్చి కాదు అంటే, ఒకసారొచ్చి కనపడుంటే బాగుణ్ణు కదా అని ఏడుస్తాది. ఎవరొచ్చి తియ్యాల అప్పుడు దాన్ని బయటికి? వొగ్గీ. తెలీకుండా పోనీ.”

ఆయన అన్నది తప్పని నాకు తోచింది. తప్పని నిరూపించే ధైర్యం రాలేదు. నాయనమ్మ మనవరాలినే కదా. నేనూ చెయ్యి రొంటి మీద వేసుకుని కూర్చున్నాను.

దాచుకోలేక చివరకు ఇక్కడ రాశాను. అత్తకు చదువు రాదు. లతకు తెలుగు లిపి రాదు.